ఆస్పత్రి ఫారంలో ‘పేషెంటుకి మీరేమవుతారు?’ అంటే ఏం రాయాలి?

బోరబండ_మిషన్ అడిగారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, కథే పెద్దది. ఓపిక లేనివాళ్ళు చివరి రెండు పేరాలకి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

నాకు 41. మాది తెనాలి దగ్గర పల్లె. 2008లో వేరే కులం అబ్బాయిని చేసుకున్నానని మా నాన్న నాకు నీళ్ళు వదిలేశాడు. ఉత్తమాట కాదు, కాలవగట్టున కూర్చుని నువ్వులూ నీళ్ళూ నిజంగానే వదిలాడని మా చిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మా ఆయనది ఖమ్మం వైపు, ఏసీ మెకానిక్. 2021 మే నెలలో రెండో వేవ్‌లో పోయాడు. పదకొండో రోజు గాజులు తీయించారు. పన్నెండో రోజు మా బావగారు బండి తాళాలు, ఆయన ఫోను, పనిముట్ల బ్యాగు పట్టుకుపోయారు. నా జాతకం వాళ్ళబ్బాయిని మింగేసిందని అత్తగారు అంది. కరోనా జాతకాలు చూసి రాదని చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. పిల్లలు లేరు. ఉంటే వాళ్ళనీ పట్టుకుపోయేవాళ్ళేమో.

అప్పటికి రెండేళ్ళుగా బోరబండలో ఒక ఇంట్లో పైన అద్దెకుంటున్నాం. ఇల్లుగలావిడ కింద ఒక్కతే ఉండేది. 60 గజాల ఇల్లు. స్కూల్లో ఆయాగా చేసి, చీటీలు కట్టి, 1998లో తన పేరు మీద కొనుక్కుంది. పిల్లలు పుట్టలేదని భర్త వదిలేసి మహారాష్ట్రలో భివండి పోయి, అక్కడ ఇంకో సంసారం పెట్టాడట. ఆవిడది మెదక్ వైపు. మొదట్లో ఆంటీ అనేదాన్ని. మా ఆయన పోయాక మూడు నెలలు అద్దె కట్టలేకపోయాను. నాలుగో నెల కిందికి దిగి, ఖాళీ చేస్తానని చెప్పబోయాను. ఆవిడ రొట్టె కాలుస్తోంది. తల తిప్పకుండానే ‘ఉప్పు డబ్బా అందుకో బిడ్డా’ అంది. అందించాను. ఆ రోజు నుంచి పెద్దమ్మ.

ఆ ఏడాది బతుకమ్మ సంగతి చెప్పకుండా ఉండలేను. మావైపు బతుకమ్మ లేదు, నాకు పేర్చడం రాదు. గునుగు పువ్వుకి కొసలు కోసి రంగు అద్దడం, తంగేడు ఏ వరసలో పెట్టాలో, లోపల ఆకులు ఎంత కూరితే కూలకుండా నిలబడుతుందో అన్నీ ఆవిడే చూపించింది. పైన పసుపు గౌరమ్మని పెట్టే వేళకి నేను పక్కకి జరిగాను. మొగుడు పోయి అయిదు నెలలు, నాకు తెలియదా ఏం? అప్పటికే గల్లీలో ఇద్దరు ముగ్గురు నావైపు చూస్తున్నారు. పెద్దమ్మ పసుపు ముద్ద నా చేతిలో పెట్టి, ‘పెట్టు. నన్ను కూడ ముప్పై ఏండ్లు ఎవరి తొట్టెలకి పిలువలే. నేను బతుకమ్మ ఆడుడు ఆపిన్నా?’ అంది. పెట్టాను. చెయ్యి వణికి గౌరమ్మ కొంచెం పక్కకి ఒరిగింది. అట్లాగే ఉంచింది, సరిచెయ్యనివ్వలేదు.

మూడో మనిషి చిన్నది. 27 ఏళ్ళు, పలాస వైపు పిల్ల, నర్సు. 2022లో వెనక గదిలోకి వచ్చింది. చేతుల మీదా, పెదాల చుట్టూ బొల్లి మచ్చలు. అంటుకునే రోగం కాదు, నొప్పి లేదు, ప్రాణం తీయదు. కానీ చెల్లెలి పెళ్ళిచూపుల రోజు దీన్ని పక్కింట్లో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టారు. చెల్లి పెళ్ళయ్యేదాకా ఇంటికి రావద్దన్నారు. ఆ పెళ్ళయి రెండేళ్ళు దాటింది, రమ్మని ఫోను మాత్రం రాలేదు. నా దగ్గర మొదట కుట్టించుకున్నవన్నీ మణికట్టు దాకా చేతులున్న జాకెట్లే, ఎండాకాలం కూడా. పోయిన సంక్రాంతికి గుడ్డ తెచ్చి, ‘అక్కా, మోచేతికి పైకే కుట్టు’ అంది. కొలత తీసుకుంటుంటే ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇంతకీ జరిగింది ఏమిటంటే, ఆగస్టులో పెద్దమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. చిన్నది డ్యూటీలో ఉంది. నేనే ఆటోలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి ‘మీరేమవుతారు?’ అని అడిగింది. టెన్షన్‌లో నా నోట్లోంచి ‘వాళ్ళింట్లో అద్దెకుంటాం’ అని వచ్చింది.

అంతే, నేను బయటిదాన్ని అయిపోయాను. రక్తసంబంధీకుల సంతకం కావాలన్నారు. 40 వేలు అడ్వాన్స్ కట్టించుకునేటప్పుడు మాత్రం రక్తం సంగతి ఎవరూ అడగలేదు. పెద్దమ్మ పాత డైరీలో వెతికి వాళ్ళ అన్న కొడుక్కి ఫోన్ చేశాం. పద్నాలుగేళ్ళుగా గడప తొక్కని మనిషి మర్నాడు సాయంత్రం వచ్చాడు. ఒక రోజంతా ఆవిడ విరిగిన తుంటితో పడుంది. అతను సంతకం పెట్టి, ఆవిడ మంచం అంచున కూర్చుని, మూత్రం సంచీ పక్కన వేలాడుతుండగా అడిగిన మొదటి మాట: ‘అత్తా, ఇంటి కాగితాలు యాడున్నయి?’

ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. నేను తలుచుకుని తలుచుకుని కుమిలేది అతని గురించి కాదు, అద్దెకుంటాం అన్న నా నోటి గురించి.

నా ప్రశ్నలు. ఈసారి ఆస్పత్రిలో నా మాటో చిన్నదాని మాటో చెల్లాలంటే ఏ కాగితం కావాలి? ఆ గడిలో ఏం రాయాలి? ఇంకోటి, పెద్దమ్మ ఇల్లు మా ఇద్దరి పేర రాస్తానంటోంది. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ మాట మార్చేశాను. నాకు ఇల్లు వద్దు. రాయించుకుంటే ‘ఇందుకే కదా అంటిపెట్టుకుని ఉంది’ అని గల్లీ అంతా అంటుంది. అన్న కొడుకు ముందే అన్నాడు. ఇల్లు చట్టప్రకారం ఎవరికి పోవాలో వాళ్ళకే పోనీ, నాకు కౌంటర్ దగ్గర నిలబడే హక్కుంటే చాలు అనిపిస్తోంది. ఇది తప్పా?

ఆసరా పింఛను పుస్తకంలో పెద్దమ్మ ‘ఒంటరి మహిళ’, నేను ‘వితంతువు’. చిన్నదానికి ఇంకా పేరు పెట్టలేదు.

———

నైట్‌డ్యూటీ_విశాఖ:

బోరబండ గారూ, 19 ఏళ్ళుగా ఐసీయూలో చేస్తున్నాను. లోపలి మాట చెబుతాను. ఆ ‘సంబంధం’ గడి చట్టం కోసం పెట్టింది కాదు. బిల్లు ఎవరు కడతారు, రేపు ఏదైనా అయితే గొడవకి ఎవరొస్తారు, ఈ రెండూ తెలుసుకోడానికి పెట్టింది.

పేషెంటుకి స్పృహ ఉండి, విషయం అర్థమవుతుంటే సంతకం పేషెంటుదే. కొడుకుదీ కాదు, మొగుడిదీ కాదు. 2008లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో, మత్తులో ఉన్న పేషెంటు బదులు ఆవిడ తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని చెప్పింది. తల్లి సంతకమే చెల్లనప్పుడు పద్నాలుగేళ్ళ తర్వాత దిగిన మేనల్లుడి సంతకం కోసం విరిగిన తుంటిని ఒక రోజు ఆపడం నాకు కడుపు మండే విషయం. పెద్ద వయసులో తుంటి విరిగితే ఎంత త్వరగా ఆపరేషన్ చేస్తే అంత మంచిది. మంచంలో పడున్న ప్రతి రోజూ ఊపిరితిత్తులకీ, వీపున పుండ్లకీ లెక్కలోకి వస్తుంది. మీ పెద్దమ్మగారు మాట్లాడుతూనే ఉన్నారు కదా, ఆవిడ చేతికే పెన్ను ఇవ్వాల్సింది.

కానీ కౌంటర్ దగ్గర చట్టం చదివితే పని జరగదని నాకూ తెలుసు. ఇలా చెయ్యండి. ‘నాకు వైద్యం జరిగేటప్పుడు నా తరఫున మాట్లాడాల్సింది ఫలానా ఇద్దరు, నా వివరాలు వాళ్ళకి చెప్పవచ్చు’ అని పెద్దమ్మగారు ముందే రాసి సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ అప్పుడే ఫైల్లో పెట్టించండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వెంటిలేటర్ వద్దనో, కావాలనో చెప్పే ముందస్తు పత్రం వేరే ఉంది. 2018లో సుప్రీంకోర్టు అనుమతించింది, అప్పటి పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం సరిపోతాయి. మానసిక ఆరోగ్యానికి అయితే 2017 చట్టం ఇంకా నయం. తెల్లకాగితం మీద ఎవరి పేరైనా ప్రతినిధిగా రాసుకోవచ్చు, బంధువే కానక్కర్లేదు.

ఇంకో మాట. మా వార్డులో ఎవరు అసలు మనిషో మాకు రెండో రోజుకే తెలిసిపోతుంది. దువ్వెన తెచ్చేది ఎవరో చూస్తాం.

———

కోర్టుమెట్లు_నెల్లూరు:

అమ్మాయీ, నేను లాయరు దగ్గర 22 ఏళ్ళుగా గుమస్తాగిరీ చేస్తున్నాను. నువ్వు తప్పించుకుంటున్న ప్రశ్నే అసలు ప్రశ్న. ‘చట్టప్రకారం ఎవరికి పోవాలో వాళ్ళకే పోనీ’ అన్నావు. ఎవరికి పోతుందో తెలిసే అన్నావా?

1956 హిందూ వారసత్వ చట్టం, 15వ సెక్షన్. ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, తన సొంత కష్టంతో కొన్న ఆస్తి మొదట పిల్లలకీ, భర్తకీ వెళ్తుంది. వాళ్ళు లేకపోతే భర్త వారసులకి. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులు. వాళ్ళూ లేకపోతే అప్పుడు తండ్రి వారసులు, అంటే అన్నదమ్ములూ, వాళ్ళ పిల్లలూ. కాగితాలు ఎక్కడున్నాయని అడిగిన ఆ పెద్దమనిషి వరసలో ఎంత వెనక ఉన్నాడో చూశావా? పాపం అతనికీ తెలిసి ఉండదు.

మీ పెద్దమ్మకి కోర్టులో విడాకులు అయ్యాయా? వదిలేసి పోవడం విడాకులు కాదు. కాకపోతే, భివండి మనిషి బతికుంటే ఆ ఇల్లు అతనిది. చచ్చిపోయుంటే అతని వైపు వాళ్ళది. ఆయాగా చేసి, చీటీలు కట్టి కొన్న 60 గజాలు.

నేనేదో భయపెట్టడానికి అనడం లేదు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పాము కరిచి పోయాడు. అత్తింటివాళ్ళు వెంటనే గెంటేశారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, సంపాదించుకుంది. 1996లో వీలునామా రాయకుండా పోయింది. బ్యాంకు డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ అంతా ఎవరికి వెళ్ళిందనుకున్నావు? ఆ భర్త అక్కచెల్లెలి కొడుకులకి. జాలి వేరు, చట్టం వేరు అన్నట్టుగా తీర్పు వచ్చింది. ఆ రోజు మా లాయరుగారు పేపరు మడిచి కాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం అరుదు.

వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ళు ఆవిడ సంతకం పెట్టడం చూడాలి. ఆస్తి వచ్చేవాళ్ళు సాక్షులుగా ఉండొద్దు, అంటే నువ్వూ చిన్నదీ దూరంగా నిలబడండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మీకు మాత్రం తప్పనిసరి అనుకో, ఎదురు నిలబడేవాడు ముందే కనిపిస్తున్నాడు కాబట్టి. ఆవిడ కదల్లేకపోతే అర్జీ పెడితే సబ్‌రిజిస్ట్రారే ఇంటికి వస్తారు, చట్టంలో ఆ వీలుంది. ‘మతి స్థిమితంగా ఉంది’ అని ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర ఒక కాగితం తీసుకో. అన్న కొడుక్కి ఏమీ ఇవ్వకపోతే, ఎందుకివ్వలేదో ఒక వాక్యం రాయించు. మరిచిపోయి వదిలేసిందని రేపు వాదించే వీలు ఉండకూడదు.

బ్యాంకులో నామినీగా ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. 2025 నవంబరు నుంచి నలుగురిని కూడా పెట్టుకోవచ్చు. కానీ నామినీ అంటే డబ్బు తీసి వారసులకి అప్పజెప్పే మనిషి, సొంతదారు కాదు. నామినీ పెట్టాం కదా అని వీలునామా మానేసి ఏడ్చినవాళ్ళని ఎందరినో చూశాను.

గల్లీ అంటుంది అన్నావు. గల్లీ ఎప్పుడు అనలేదు నిన్ను?

———

రిటైర్డ్_మాస్టారు:

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. మేనల్లుడు పద్నాలుగేళ్ళు రాలేదంటే అటువైపు కథ కూడా ఏదో ఉంటుంది. పిలవగానే వచ్చాడా లేదా? సంతకం పెట్టాడా లేదా? రక్తసంబంధాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఈ కట్టుకున్న బంధాలు ఆస్తి దగ్గరే తేలతాయి. ఆవిడ పోయాక మీరిద్దరూ తగవు పడితే? చిన్నమ్మాయికి రేపు పెళ్ళయితే? ఆ 60 గజాలు మీరిద్దరూ ఎలా పంచుకుంటారు? కటువుగా ఉంటే క్షమించండి.

———

బోరబండ_మిషన్:

మాస్టారూ, కటువేం లేదు. చిన్నదానికి పెళ్ళయితే సగం నాకు అమ్ముతుందో, నా సగం తనకి అమ్మమంటుందో, అసలు వచ్చి పోట్లాడుతుందో నాకు తెలియదు. మా నాన్నా, మా బాబాయీ ఒకే కడుపున పుట్టారు. ఎకరం ముప్పావు దగ్గర పదకొండేళ్ళు కోర్టుకి తిరిగారు. ఒకరి చావుకి ఒకరు వెళ్ళలేదు. అందుకని మీ ప్రశ్న మాకు ఎంత వర్తిస్తుందో వాళ్ళకీ అంతే వర్తిస్తుంది.

మేనల్లుడు వచ్చాడు, నిజమే. ఆ మాట పెద్దమ్మతో కూడా అన్నాను. ఏమంటుందో చూడాలి.

కోర్టుమెట్లు అక్కా, మీరు రాసిన భివండి సంగతి చదివి కాసేపు మిషన్ తొక్కలేకపోయాను. ఇంకా పెద్దమ్మకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

———

వరంగల్_చేలా:

అక్కా, నేను ట్రాన్స్ మహిళని. మా దగ్గర మీ ప్రశ్నకి ఎప్పటి నుంచో జవాబుంది, ప్రభుత్వం దగ్గరే లేదు. ఇంట్లోంచి తరిమేశాక గురువు దగ్గరికి చేలాగా, అంటే శిష్యురాలిగా, చేరతాం. ఆమె గురువు మనకి నాన్‌గురు, ఆమె మిగతా చేలాలు గురుభాయిలు. కొందరు పాలు తాగించి తల్లీకూతుళ్ళ వరస కూడా కలుపుకుంటారు. తిట్లూ ఉంటాయి, డబ్బు లెక్కలూ ఉంటాయి, అన్నీ ఉంటాయి. మాది స్వర్గం అని నేను చెప్పను. కానీ జ్వరం వస్తే ఎవరు జావ కాయాలో అందరికీ తెలుసు.

కాగితం మీద మాత్రం మేమేమీ కాము. ట్రాన్స్‌జెండర్ల కోసమే తెచ్చిన 2019 చట్టంలో కూడా కుటుంబం అంటే రక్తం, పెళ్ళి, చట్టబద్ధమైన దత్తత, అంతే. కన్నవాళ్ళు చూడలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలని రాశారు గానీ, గురువు అనే మాటే లేదు.

మా గురువు పోయినప్పుడు నేను ఆస్పత్రి బయట ఉన్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఆమెని చెట్టుకి కట్టేసి కొట్టిన అన్నదమ్ములు వచ్చి శవాన్ని తీసుకెళ్ళారు. ఆధార్ చూపించారు, ఇంటిపేరు కలిసింది. ఊరికెళ్ళి జుట్టు కత్తిరించి, పంచె కట్టి, ఆమె వదిలేసిన మగపేరుతో కర్మ చేశారట. నేను ఇక్కడ గాజులు పగలగొట్టుకుని తెల్లచీర కట్టుకున్నాను. ఏ శవమూ లేకుండా.

అందుకే అడుగుతున్నాను, పెద్దమ్మ తన చావు గురించి ఏమనుకుంటోందో కూడా రాయించండి. ఏ చీర కట్టాలి, కాల్చాలా పూడ్చాలా, కొరివి ఎవరు పెట్టాలి. కోర్టులో అది ఎంత నిలుస్తుందో లాయర్లు చెప్పాలి. కనీసం గేటు దగ్గర చూపించడానికి ఆమె చేత్తో రాసింది ఒకటి ఉంటుంది. మా దగ్గర అదీ లేకపోయింది.

అన్ని తలుపులూ మూసి ఉన్నాయని కాదు. 2025 మేలో మద్రాసు హైకోర్టు, ఇంట్లో బంధించిన ఒక అమ్మాయిని ఆమె ఇష్టపడిన అమ్మాయితో వెళ్ళనిస్తూ, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని, ‘ఎంచుకున్న కుటుంబం’ అన్న మాటని వాడుతూ రాసింది. ఆ తీర్పు మీ కేసుకి నేరుగా పనికిరాదేమో. నేనైతే ఆ పేజీ ప్రింటు తీసి బీరువాలో పెట్టుకున్నాను.

———

బ్రాడీపేట_అమ్మమ్మ:

నాకు 74. మా మేనత్త పదేళ్ళకే విధవ. ఇంట్లో గుండు చేయించి వంటింట్లో పడేశారు. ఎవరో పుణ్యాత్ముడు గుంటూరు శారదా నికేతనంలో చేర్చాడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారూ, లక్ష్మీబాయమ్మగారూ 1922లో పెట్టిన బడి అది. అక్కడ చదువుకుని పంతులమ్మ అయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్కడే స్నేహమైన ఇంకో పంతులమ్మతో కలిసి నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉంది. మేము ఇద్దర్నీ అత్తయ్యా అనే పిలిచేవాళ్ళం. రెండో అత్తయ్య మాకేమవుతుందని ఏనాడూ అనుకోలేదు. ఆవిడ పెట్టిన మాగాయ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

రాజమండ్రిలో 1881లో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే వండి, గోదారి నుంచి నీళ్ళు మోశారట. ఆయన పేరు పుస్తకాల్లో ఉంటుంది. నేను ఎప్పుడు తలుచుకున్నా ఆ బిందెనే తలుచుకుంటాను. మీ పెద్దమ్మ నీ చేతికి పసుపు ముద్ద ఇచ్చిందని చదవగానే అదే గుర్తొచ్చింది తల్లీ. ఇల్లు ఇస్తానంటే తీసుకో. ఇచ్చే మనిషిని వద్దనడం కూడా ఒక రకం పొగరే.

———

బోరబండ_మిషన్:

రెండు నెలలైంది, ఏమైందో చెబుతానని కొందరికి మెసేజ్‌లో మాటిచ్చాను.

భివండి మాట చిన్నదే చెప్పింది. నాకు ధైర్యం చాలలేదు. పెద్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. విడాకులు కాలేదు కాబట్టి ఆయనకో, ఆయన వాళ్ళకో ఇల్లు పోతుందని చిన్నది అనగానే గిన్నె పక్కన పెట్టింది. ‘నా ఇల్లు భివండి పోతదా?’ అంది. కాసేపటికి మళ్ళీ, ‘నా ఇల్లు? భివండి?’ ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే నన్ను పిలిచి, ‘నీకు వద్దంటే చిన్నదానికి రాస్త. దానికీ వద్దంటే కుక్కకి రాస్త. నా ఇల్లు నా ఇష్టం, నువ్వెవ్వరు వద్దనేతందుకు?’ అంది. అంతకుముందు మూడుసార్లు మాట మార్చినదాన్ని, ఈసారి మార్చలేకపోయాను. బ్రాడీపేట అమ్మమ్మగారు పొగరు అన్నది కూడా లోపల గుచ్చుకునే ఉంది.

వీలునామా అయింది. ఇద్దరికీ సమానం. సాక్షులు కిరాణా కొట్టాయన, పక్క గల్లీలో రిటైరైన టీచరమ్మ. అన్న కొడుక్కి ఏమివ్వాలని రాసే ఆయన అడిగితే, వాళ్ళమ్మ వాడిన ఇత్తడి గంగాళం వాడికి ఇవ్వమంది. ‘అది నా తల్లిది, వాని నాయనమ్మది. ఇల్లు నాది’ అంది. అది కూడా రాశారు. మాస్టారూ, మీ మాట కొంచెం నెగ్గినట్టే.

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వాకర్‌తోనే వచ్చింది, ఇంటికి పిలిపించడం ఇష్టం లేదంది. అక్కడ కూడా అదే ప్రశ్న, ‘వీళ్ళు మీకేమవుతారమ్మా?’ నేను నేల చూస్తున్నాను. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, ‘నా ఇంట్ల ఉంటరు’ అంది. అద్దెకుంటాం అన్న నా మాటా, ఇదీ దాదాపు ఒకటే మాట. ఆవిడ నోట్లో అది ఇంకోలా ఉంది. ఎందుకో చెప్పలేను.

నైట్‌డ్యూటీ గారు చెప్పిన కాగితం రెండు కాపీలు చేసి ఒకటి ఆస్పత్రి ఫైల్లో పెట్టించాం. మొన్న చెకప్‌కి వెళ్తే కౌంటర్‌లో కొత్త అమ్మాయి. కంప్యూటర్‌లో భార్య, భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి వరసగా కిందికి జరుపుకుంటూ వచ్చి, ఏదీ కుదరక ‘అదర్స్’ నొక్కింది. చిన్నది అక్కడే పకపకా నవ్వింది. ఇప్పుడు ఇంట్లో పాలపాకెట్ ఎవరు తెస్తారంటే ‘అదర్స్ తెస్తారు’ అనడం అలవాటైంది.

వరంగల్ చెల్లీ, నువ్వు చెప్పిందీ అడిగాను. దానికి మాత్రం పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు. చీర సంగతి చెప్పింది, గద్వాల చీర, ముదురాకుపచ్చది, ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. కొరివి ఎవరు పెట్టాలంటే ‘నేను సచ్చినంక మీ ఇద్దరు కొట్లాడుకుని తేల్చుకోండ్రి’ అంది. రాయించే పని ఇంకా మిగిలే ఉంది. ఆ చీరకి జాకెట్ లేదట, కుట్టమంది. కొలత ఇవ్వమంటే ఇప్పుడే ఎందుకు, ఇంకా చిక్కుతా అంటోంది. గుడ్డ మాత్రం తెచ్చి పెట్టాను.